గట్టి నేల అని రాసినవాడు

సాల్మన్ చచ్చిపోయిన పావుగంటకి మైకులో "హలో, హలో, టెస్టింగ్" అని వినబడింది.

అవునండీ, పావుగంటకే. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించిన మరుసటి ఏడాది వేసవి అది. చేపల చెరువుల పెద్దలంతా కలిసి, ఎండగట్టిన ఒక చెరువులోనే మహాసభ పెట్టుకున్నారు. సాయంత్రం ఉపన్యాసాలు, ఆ తర్వాత పాటలు. మధ్యాహ్నం మూడింటికి నలభై అడుగుల లైట్ల టవరు ఒక పక్కకి ఒరిగింది. దాని నెత్తిన కూర్చుని దీపాలు బిగిస్తున్న సాల్మన్ ఇనప పైపులతో పాటే నేలకొచ్చాడు. తోటి కూలీలు పరుగెత్తుకొచ్చి పైపులెత్తేలోపే ప్రాణం పోయింది.

సభ ఏర్పాట్లు చేసే కంపెనీ యజమాని వెంకట్రాజు కారు దిగి వచ్చాడు. ఒక్క చూపు చూశాడు. గొంతు కూడా పెంచలేదు.

"వెనక గేటునుంచి తీసుకెళ్ళండి. సభవాళ్ళ కంట పడితే గోలైపోద్ది. ఎవరన్నా అడిగితే వడదెబ్బని చెప్పండి."

ఎవరో స్టేజికి పరిచే ఎర్ర తివాచీ తెచ్చి శవం మీద కప్పబోయారు. "అదొద్దండీ, అది కొత్తది. పాతదేదైనా చూడండి" అన్నాడు వెంకట్రాజు. ఎంత మర్యాదో చూశారా! చచ్చినవాడి మీద గుడ్డ లాగేసేటప్పుడు కూడా అండీ అనడం మానలేదు మహానుభావుడు.

ట్రాలీ ఆటోలో పాత పరదా చుట్టుకుని సాల్మన్ ఏలూరు ఆసుపత్రికి బయల్దేరాడు. మిగతా రెండు టవర్లకి మోకులు కట్టించి సభ నడిపించారు. చప్పట్లు కూడా బాగానే కొట్టారు.

ఆ చప్పట్లు వింటూ స్టేజి వెనక పెట్టె మీద కూర్చున్నవాడు నెల్సన్. సాల్మన్ అతనికి స్వయానా బాబాయ్. ఆ సభకి ఎస్టిమేటు రాసినవాడు కూడా అతనే.

ఎస్టిమేటు రాయడమంటే ఏమిటో చెబుతాను. వెంకట్రాజుది ఒకప్పుడు షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే కొట్టు. రెండువేల సంవత్సరం దాటాక బోర్డు మార్చి ఈవెంట్స్ అని రాయించాడు. అప్పటినుంచి సభ జరిగే చోటు ముందుగా చూసొచ్చి, ఎన్ని పైపులు, ఎంతమంది మనుషులు, ఎన్ని రోజులు, ఏ సామాను ఎన్ని లారీలు అని లెక్కకట్టి రాసేవాడొకడు కావలసి వచ్చాడు. ఏలూరులో బీకాం చదివిన నెల్సన్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. అతని పేటలో ఆఫీసు కుర్చీ ఎక్కిన మొదటివాడు. పేటలో సగం మంది అదే కంపెనీలో పైపులు మోసేవాళ్ళు. వాళ్ళంతా "మనోడు ఆఫీసులో ఉన్నాడు, మనకేం భయం" అనుకున్నారు. ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో నెల్సన్‌కి బాగా తెలుసు. అది తెలిసే చేశాడు, అదీ నా కోపం.

ఆ కూలీలకి ఒక పద్ధతి ఉంది. లారీ దింపేముందు వాళ్ళ మేస్త్రి పేతురు టవరు లేపే చోట గునపం మోకాలి లోతున దింపుతాడు. గునపం మొదట్లో ఒక బకెట్టు నీళ్ళు పోస్తాడు. తీరిగ్గా కూర్చుని టీ తాగుతాడు. టీ అయిపోయేసరికి గునపం నిటారుగా ఉంటే సరే. పక్కకి వాలిందా, టవరు ప్రతి కాలి కిందా తాటి దుంగ పూడ్చాల్సిందే, నాలుగు వైపులా తీగలు లాగి కట్టాల్సిందే. పేతురు "ఎక్కొచ్చు" అనే దాకా ఎవడూ పైపు మీద కాలు పెట్టడు. కామవరపుకోట వైపు మెట్టలో గునపం గంటసేపైనా కదలదు. కొల్లేట్లో గ్లాసు సగం కాకుండానే వాలిపోతుంది.

సభకి పది రోజుల ముందు నెల్సన్, పేతురు కలిసి ఆ చెరువు చూడ్డానికి వెళ్ళారు. నేల నెర్రెలిచ్చి ఉంది. నెల్సన్ మడమతో గట్టిగా తన్ని చూశాడు. దుమ్ము లేచింది.

"రాయిలా ఉంది కదా మావయ్యా!"

పేతురు నవ్వాడు. "పైన అప్పడం, అడుగున గంజి. మూడేళ్ళు నీళ్ళు నిలబడ్డ చెరువురా అల్లుడూ. మూడు టవర్లకి పన్నెండు దుంగలు రాయి. దుంగలు పూడ్చడానికి ఓ రోజు విడిగా రాయి. మర్చిపోకు."

నెల్సన్ మర్చిపోలేదు. పన్నెండు దుంగలూ రాశాడు, తీగలు రాశాడు, విడిగా ఒక రోజూ రాశాడు. సంతకం పెట్టి వెంకట్రాజు బల్ల మీద ఉంచాడు.

వెంకట్రాజు చదివి కళ్ళజోడు తీశాడు. "విజయవాడ వాళ్ళు మనకంటే తక్కువకి చేస్తామంటున్నారు. ఈ దుంగలేంటండీ, వాటికో లారీ ఏంటి, పూడ్చడానికో రోజేంటి? తీసెయ్యండి."

"నేల మెత్తదండీ."

"మీరే చూశారు కదా, ఎండి ఉంది. మొన్నటి కామవరపుకోట కాగితం తీసి ఊరి పేరు మార్చండి, చాలు. వచ్చే నెలనుంచి మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది నెల్సన్ గారూ."

గారు! ఆరేళ్ళలో మొదటిసారి. ఆ ఒక్క గారుకి మనవాడి వెన్నెముక కరిగిపోయింది. కామవరపుకోట కాగితం తెరిచాడు, ఊరి పేరు మార్చాడు. 'నేల స్వభావం' అన్న చోట 'గట్టి నేల' అని ముందే ఉంది. దాన్ని అలాగే ఉంచేశాడు.

సభ రోజు పొద్దున టవర్ల పని మొదలెట్టేముందు పేతురు గునపం దింపాడు. టీ గ్లాసు సగం కాలేదు, గునపం వాలింది.

"దుంగలేవి అల్లుడూ?"

నలభై మంది కూలీలు నెల్సన్ మొహం చూశారు. రావని చెబితే ఒక్కడూ ఎక్కడు. ఎక్కకపోతే సభ లేదు, మేనేజరు కుర్చీ లేదు.

"లారీ వస్తంది మావయ్యా. గుడివాకలంక దాటిందంట. టవర్లు లేపేసి లైట్లు కట్టడం మొదలెట్టండి, వచ్చాక దుంగలు కిందకి తోసేద్దాం."

పేతురు ఒప్పుకోలేదు. "తోసేదేంటి, ముందు పూడ్చాలి" అన్నాడు. సాల్మనే అడ్డం వచ్చాడు. "మావాడు వస్తందంటన్నాడు కదా! ఆఫీసులో రాసినోడికి తెలీదా ఏంటి? నువ్వు మరీను పేతురన్నా" అని నవ్వుకుంటూ నడుముకి తాడు కట్టుకున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ పైపులందుకుని టవర్లు లేపారు. సాల్మన్ అన్న కొడుకు మాట మీద నలభై అడుగులు ఎక్కాడు.

ఆ లారీ ఏ ఊరూ దాటలేదు. అసలు బయల్దేరనే లేదు.

వడదెబ్బ మాట ఆసుపత్రిలో చెల్లలేదు. సాల్మన్‌ని పాతిపెట్టిన మూడో రోజున పోలీసులు పేతురుని పిలిపించారు. కంపెనీ దుంగలు పంపినా పూడ్చకుండా బద్ధకించి, మనిషి చావుకి కారణమయ్యాడని కేసు; అరెస్టు మాత్రం ఇంకా చెయ్యలేదు. రుజువుగా ఎస్సై ఒక కాగితం చూపించాడు. అందులో పన్నెండు తాటి దుంగలు ఉన్నాయి, విడిగా ఒక రోజు పని ఉంది, కింద నెల్సన్ సంతకం ఉంది. నెల్సన్ రాసిన మొదటి ఎస్టిమేటు. వెంకట్రాజు వద్దని పక్కన పడేసిన కాగితమే ఇప్పుడు వాడి చేతిలో సాక్ష్యమైంది.

నెల్సన్ ఆఫీసుకి పరుగెత్తాడు.

"అదేంటండీ! ఆ దుంగలు తీసెయ్యమంది మీరే కదా!"

"అబద్ధం ఏముందండీ అందులో? రాసింది మీరే, సంతకం మీదే."

"రెండోది కూడా నేనే రాశాను!"

"ఏ రెండోది? మన కంప్యూటర్లో లేదే. సభవాళ్ళ దగ్గరుందంటారా, వాళ్ళు మన మనుషులే." వెంకట్రాజు కుర్చీ జరిపి దగ్గరికి వచ్చాడు. "ముసలాయనకి నాలుగు రోజులు ఇబ్బంది, తర్వాత నేను బెయిలు ఇప్పిస్తాను. మీ పిన్నిగారికి కూడా ఏదో చూద్దాం. మీరు ఊరుకోండి."

నెల్సన్ మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చి నిలబడ్డాడు. తను నిజం రాసిన కాగితం, అబద్ధం రాసిన కాగితం, రెండూ పేదోళ్ళ మెడకే చుట్టుకున్నాయి. ఆరేళ్ళు ఆ ఆఫీసులో తనని మనిషిగా లెక్కపెట్టుకున్నారనుకున్నాడు, వాళ్ళకి కావలసింది తన సంతకం ఒక్కటే. ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు. నాకైతే జాలేం లేదు. కాని అక్కడినుంచి అతను నడిచింది మేనేజరు కుర్చీ వైపు కాదు, పేట వైపు. అంతమటుకు చెప్పుకోవాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందే కూలీలంతా చేరారు. పైపులు మోసేవాళ్ళు, పరదాలు కుట్టే ఆడవాళ్ళు, తీగలు లాగేవాళ్ళు, ఏలూరులో వేరే కంపెనీల్లో చేసేవాళ్ళు కూడా వచ్చారు. గోల గోలగా ఉంది.

"ఎంతో కొంత పుచ్చుకుని ఊరుకుందాం. రాజుగారితో పెట్టుకుంటే రేపు పని ఎవడిస్తాడు?" అన్నాడు ఒకడు.

"ఈ నెల సాల్మన్, వచ్చే నెల నువ్వు. అప్పుడు నీ పెళ్ళాం కూడా ఎంతో కొంత పుచ్చుకుని ఊరుకోవాలా?" అంది పరదాలు కుట్టే కనకమ్మ.

నెల్సన్ వచ్చి నిలబడేసరికి అందరూ అటు తిరిగారు. సాల్మన్ భార్య దేవకుమారి లేచింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"ఒకటే అడుగుతాను, అందరి ముందూ చెప్పు. లారీ వస్తందన్నావు. వస్తందని నీకు తెలిసే అన్నావా?"

"లేదు పిన్నీ."

"రాదని తెలుసా?"

"తెలుసు. రెండోసారి రాసినప్పుడు దుంగలు తీసేశాను. గట్టి నేలని రాశాను."

జనం ఒక్కసారి మీదకొచ్చారు. చొక్కా చిరిగింది, పెదవి పగిలింది. తిరగబడలేదు నెల్సన్. పేతురు మధ్యలో దూరి ఆపాడు. "వీణ్ణి కొట్టేస్తే రాజు హాయిగా నిద్రపోతాడు! మనలో మనం చితక్కొట్టుకోవడమే వాడికి కావాలి. వదలండెహె!"

దేవకుమారి నెల్సన్ దగ్గరికొచ్చింది. "ఇక్కడ చెప్పావు, ఇక్కడ అందరం మనోళ్ళమే. ఇదే మాట రాజు ముందు, పోలీసుల ముందు, ఊరందరి ముందు చెప్పు. చెబితే జైల్లో పెడతారు, పెట్టనీ. చెప్పావని నిన్ను క్షమిస్తాననుకోకు. మీ బాబాయి నిన్ను భుజాల మీద మోసి బళ్ళో దింపొచ్చాడు. నేను క్షమించను."

"సరే పిన్నీ" అన్నాడు.

ఆ పూటే తీర్మానం చేసుకున్నారు. ఇకనుంచి ఏ సభకైనా సామాను దింపేముందు గునపం పరీక్ష కూలీలే చెయ్యాలి. ఎస్టిమేటు కూలీలందరికీ పైకి చదివి వినిపించాలి. అందులో రాసింది కళ్ళముందు లేకపోతే ఎవడూ ఎక్కడు. పేతురు మీద కేసు ఎత్తేసే దాకా వెంకట్రాజు పని అసలే ముట్టరు.

గురువారం తాడేపల్లిగూడెంలో వెంకట్రాజుకి పెద్ద కార్యక్రమం, కోసేసిన వరి పొలంలో. ఏలూరునుంచి అరవై మంది పొద్దున్నే బస్సులెక్కి వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నారు. తొమ్మిదింటికి పెంటపాడు వైపునుంచి రెండు ట్రాక్టర్లొచ్చాయి. వాటినిండా పొలం కూలీలు, చిన్న రైతులు. పంట పని లేని రోజులు, రోజుకి రెట్టింపు కూలి ఇస్తానని వెంకట్రాజు పిలిపించాడు.

"ఏవండీ, వాళ్ళది పేట గొడవ, మీకెందుకు? మీరు రైతుబిడ్డలు. దిగి పని చూసుకోండి" అన్నాడు వాళ్ళతో.

వాళ్ళు దిగి పైపులు భుజానికెత్తుకున్నారు. వాళ్ళ పెద్ద సుబ్బారావు అనే అరెకరం రైతు. గేటు దగ్గర పేతురు ఎదురెళ్ళాడు.

"అన్నా, మీ కూలి మేం చెడగొట్టం. ఎక్కేముందు ఒక్క మాట వినండి."

నెల్సన్ అక్కడున్న స్పీకరు పెట్టె ఎక్కాడు. పగిలిన పెదవి ఇంకా మానలేదు.

"నా పేరు నెల్సన్. ఈయన కంపెనీలో ఎస్టిమేట్లు రాసేది నేనే. కొల్లేటి సభకి మొదట పన్నెండు దుంగలు రాశాను. ఈ రాజుగారు తీసెయ్యమంటే తీసేశాను. బురద నేలని గట్టి నేలని రాశాను. లారీ వస్తందని మా బాబాయికి అబద్ధం చెప్పి టవరు ఎక్కించాను. ఆయన చచ్చిపోయాడు. పేతురు మేస్త్రి తప్పు ఏం లేదు. తప్పు రాజుగారిది, నాది."

"దించండి వాణ్ణి!" వెంకట్రాజు గొంతు మొదటిసారి లేచింది. అండీ ఎటు పోయిందో తెలీదు.

అంతవరకూ టీకొట్టు దగ్గర నిలబడ్డ ఎస్సై వచ్చి నెల్సన్ చెయ్యి పట్టి కిందికి లాగాడు. సభకి అడ్డం పడుతున్నారని నెల్సన్‌నీ పేతురునీ జీపెక్కించాడు. వెంకట్రాజుని ఒక్క ప్రశ్నా అడగలేదు.

జీపులో నెల్సన్ తల తిప్పి "మావయ్యా..." అన్నాడు.

"మాటాడకు" అన్నాడు పేతురు. మొహం అటు తిప్పుకున్నాడు. అయినా పక్కకి జరిగి చోటిచ్చాడు.

జీపు కదిలింది. గేటు దగ్గర అరవై మంది లేచి నిలబడ్డారు. దేవకుమారి ఎవర్నీ తిట్టలేదు, ఏడవలేదు. సుబ్బారావు ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మా ఆయన కూడా నమ్మే ఎక్కాడండీ" అంది.

సుబ్బారావు ఆమెని చూశాడు, కాళ్ళ కింద పొలాన్ని చూశాడు. పుట్టిందగ్గర్నుంచీ అలాంటి నేల దున్నినవాడు. భుజం మీద పైపు దింపి కింద పెట్టాడు. వెనకున్నవాళ్ళూ ఒక్కొక్కరే దింపారు. ఇనుము మీద ఇనుము పడి పొలమంతా మోగింది.

"ఏవండీ రాజుగారూ, ఈ నేలకేం రాయించారండీ?"

"మీకెందుకయ్యా అవన్నీ?"

"ఎక్కేది మేమే కదండీ. కాగితం తెచ్చి చదవండి, వింటాం."

వెంకట్రాజు చుట్టూ చూశాడు. పేట కూలీలు, పెంటపాడు రైతులు, పరదాలు కుట్టే ఆడవాళ్ళు కలగలిసిపోయి ఉన్నారు. ఎవరు ఏ ఊరివాళ్ళో పోల్చుకోవడానికి లేదు.

"చదవండి" అంది కనకమ్మ.

"చదవండి!" అన్నారు అందరూ.

వెంకట్రాజు కాగితం బయటికి తియ్యలేదు. సాయంత్రం దాకా ఆ పొలంలో ఒక్క పైపు కూడా లేవలేదు.