డ్యూటీ దిగని నిద్ర

తిరపతయ్య పట్టాళం నుంచి రిటైరై వచ్చి పంతొమ్మిదేళ్ళు దాటింది. ఆయన నిద్ర మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. అది మంచుకొండ మీద, పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున, నాలుగో పోస్టులో సంత్రీ డ్యూటీ చేస్తూనే ఉంది. నెలకో ఇన్‌లాండ్ లెటర్ రాస్తుంది.

ఈ నెల ఉత్తరం మంగళవారం వస్తుంది. భార్య ఓబులమ్మ దాన్ని కాసేపు దండెం మీద ఆరేస్తుంది, మడతల్లో ఎప్పుడూ పిడికెడు మంచు ఉంటుంది మరి. ఆరాక పైకి చదువుతుంది. ‘ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. బదులు మనిషి ఇంకా డ్యూటీ తీసుకోలేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి. గోంగూర పచ్చడి అయిపోయింది.’

“పాపం, ఒక్కటే యాడ చేసుకుంటాది,” అంటుంది ఓబులమ్మ. “అట్నే ఉండాదంట, ఇంగేం రాసేది,” అంటాడు తిరపతయ్య. ఉత్తరాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. నిద్ర దగ్గర లేని మనిషికి పొద్దు చాలా పెద్దది, ఆ పొద్దు మొత్తం ఆయన ఉత్తరాలు చదువుకుంటూ గడుపుతాడు.

ఆయన గిద్దలూరులో ఒక బ్యాంకు ముందు స్టూలు మీద, సొంత డబుల్ బ్యారెల్ తుపాకీతో కాపలా కూర్చుంటాడు. లైసెన్సు ఉంటే తుపాకీ, తుపాకీ ఉంటే స్టూలు. అంతే, తేలికైన లెక్క. ఇప్పుడు లైసెన్సు గడువు శనివారంతో తీరిపోతుంది. ఈసారి ఫారంలో మనసు గురించి కొత్తగా మూడు ప్రశ్నలు వచ్చాయి, వాటి కింద డాక్టరు సంతకం పడాలి. పడకపోతే తుపాకీని స్టేషన్లో అప్పజెప్పి రావాలి. పదిహేడేళ్ళు దేశం తుపాకీ మోసినవాణ్ణి పట్టుకుని నీ మనసు సరిగ్గా ఉందా అని అడగడమేమిటని ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. అడిగితే ఏం చెప్పాలో తెలియక భయం కూడా వేస్తుంది.

బుధవారం జిల్లా ఆసుపత్రికి బయలుదేరతాడు. తుపాకీ ఆయన లేకుండా ఇంట్లో ఉండనంటుంది, అందుకని గుడ్డ కవరు తొడిగి వెంట తీసుకెళతాడు. బస్సులో అది కిటికీ పక్కన కూర్చుంటుంది. కండక్టరు దానికి అర టికెట్టు కొడతాడు.

ఆసుపత్రి గేటు పక్క జిరాక్సు షాపులో సుబేదార్ గురవారెడ్డి కూర్చుని మాజీ సైనికుల ఫారాలు నింపుతుంటాడు. ఆయన చాలామందిని ఈ గండం గట్టెక్కించాడు.

“ఇను తిరపతయ్యా. నిద్ర పడుతుందా అంటే భేషుగ్గా పడుతుంది అను. పెద్ద చప్పుడింటే ఉలిక్కిపడతావా అంటే లేదను. లేని మనుషులు కనపడతారా అంటే లేదను. ఒక అవును, రెండు లేదులు. అంతే పరేడ్.”

“నిద్ర ఉత్తరాలు రాస్తాది గదా సార్.”

“అందరికీ రాస్తాది. నాది టెలిగ్రాములిస్తాది. చెప్పామా ఎవరికన్నా?” అంటాడు గురవారెడ్డి, ఫారం మీద ఊదుతూ.

వరండాలో బెంచీ మీద పదకొండు మంది మాజీ సైనికులు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉంటారు. అందరి పెదాలూ ఒకేసారి కదులుతుంటాయి, పడుతుంది, లేదు, లేదు, పడుతుంది, లేదు, లేదు అని. తిరపతయ్య వచ్చేసరికి బెంచీ ఒక మనిషి మేర సాగుతుంది. ఆయన కూర్చుని వాళ్ళతో గొంతు కలుపుతాడు.

ఆయన వంతు వచ్చినప్పుడు తలుపు అవతల నుంచి, “ఎవరు వచ్చేది?” అని ఆడ గొంతు వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు ఏ సైనికుడి నోరైనా ఒకే జవాబు చెబుతుంది. తిరపతయ్య మడమలు టక్కున కలిపి, “దోస్త్,” అంటాడు. అన్నాక నాలుక కరుచుకుంటాడు.

“దోస్త్ అయితే లోపలికి రండి,” అంటుంది డాక్టర్ నాగవేణి. ముప్పై ఏళ్ళుంటాయి. కర్నూలు పిల్ల. టేబుల్ మీద టిఫిన్ క్యారియర్, స్టెతస్కోపు పక్కపక్కనే ఉన్నాయి. “తిరపతయ్య గారూ, నిద్ర పడుతుందా?”

భేషుగ్గా అందామని ఆయన నోరు తెరుస్తాడు. మాట రాదు, ఆవిరి వస్తుంది. బయట మే నెల ఎండ రోళ్ళు పగిలేట్టు కాస్తుంటే ఆయన నోట్లోంచి తెల్లని ఆవిరి వచ్చి ఫారం మీద వాలుతుంది. డాక్టరు కుర్చీ వెనక నుంచి శాలువా తీసి కప్పుకుని, మళ్ళీ అడగకుండా చూస్తూ ఉంటుంది.

ఇక దాచి లాభం లేదు. తిరపతయ్య జేబులోని ఉత్తరాల కట్ట తీసి టేబుల్ మీద పెడతాడు. “నాకు భయంగా ఉందమ్మా,” అంటాడు. ఈ మాట ఆయన ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, ఓబులమ్మతో కూడా.

డాక్టరు ఉత్తరాలన్నీ వరసగా చదువుతుంది. “నిద్ర ఉంది. ఇక్కడ లేదు, అంతే. ఫారంలో ఎక్కడుందని అడగలేదు. కానీ చూడని నిద్రకు నేనెట్లా సంతకం పెట్టేది? పిలిపించండి.”

“అది రాదమ్మా. బదులు మనిషి వచ్చి, రిజిస్టర్లో సంతకం చేసి డ్యూటీ తీసుకుంటేగానీ సంత్రీ కదలకూడదు. ఆ సంతకం కాలేదు.”

“ఎవరిది?”

“కాశీంది.”

కాశీంది గిద్దలూరే. ఇద్దరూ ఒకే రోజు భర్తీ అయ్యారు. కాశీం వాళ్ళమ్మ హార్లిక్స్ సీసాలో గోంగూర పచ్చడి పంపేది. పైకొచ్చేసరికి అది రాయిలా గడ్డకట్టేది. ఇద్దరూ బాయినెట్‌తో పెచ్చులు కొట్టి బుగ్గన పెట్టుకుని చప్పరించేవాళ్ళు. సాయంత్రమైతే కిరసనాయిలు పొయ్యి దగ్గర కూర్చుని ఊరికి నడిచేవాళ్ళు, మాటల్లోనే. రైల్వే స్టేషన్లో దిగి, గేటు దాటి, బజారు వెంట కాశీం ఇంటికి. రోజుకో అంగడి దాకే నడవాలని నియమం, లేకపోతే దారి తొందరగా అయిపోతుంది. ఒకరోజు టైలర్ షాపు, ఒకరోజు సోడా బండి, ఒకరోజు సైకిళ్ళకు గాలి కొట్టే ముసలాయన. ఎంత హాయిగా ఉండేది ఆ నడక. తిరపతయ్య ఇప్పుడు నిజం బజారులో నడిచినా అంత హాయిగా ఉండదు.

పోస్టులో చివరి రోజు సాయంత్రం నాలుగింటికి తిరపతయ్య కాలివేళ్ళు నల్లబడ్డాయి. కాశీం తన వంతుకు అరగంట ముందే వచ్చి, “కింది పోస్టుకు పోయి పొయ్యి కాడ కూర్చోరా. సంతకం పొద్దున చేస్తాలే,” అన్నాడు. తిరపతయ్య సరేనన్నాడు. పట్టాళంలో అలా చెయ్యకూడదు, చేశారు. ఆయన కింది పోస్టుకు దిగాక కొండ మీది మంచు జారింది. పొద్దునకి నాలుగో పోస్టు లేదు, కాశీం లేడు. రిజిస్టరు ప్రకారం డ్యూటీలో ఉన్నది తిరపతయ్య. తిరపతయ్య ఒంటిని హెలికాప్టర్లో దించారు. నిద్రకు రూలు తెలుసు, అది కదలలేదు. ఇప్పటికి ఇరవై ఆరేళ్ళు.

“నా వంతు చలి వాడు తీసుకున్నాడమ్మా,” అంటాడు తిరపతయ్య.

డాక్టరు కలం మూత పెట్టి లేస్తుంది. “ఆ సంతకం కాకుండా నా సంతకం చెల్లదు. పదండి. పోస్టు ఎంత దూరం?”

“ఈ వరండా చివరే.”

ముందు పిల్లల వార్డు, తర్వాత కళ్ళ వార్డు, ఎముకల వార్డు. ఆ తర్వాత తలుపులు ఉండవు. నేల మెల్లగా ఎత్తెక్కుతుంది. తిరపతయ్య వంద అడుగులకోసారి డాక్టరును ఆపి ఊపిరి తీసుకోమంటాడు, ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలి కదా. ఆమె దారిలో క్యారియర్ విప్పి ఆయనకో ఉగ్గాణి ముద్ద పెడుతుంది. అలా ఆరు రోజులు నడుస్తారు. గోడ గడియారంలో పది నిమిషాలవుతుంది.

“థమ్! కౌన్ ఆతా హై?” ఆగు, ఎవరు వచ్చేది అని మంచులోంచి సంత్రీ కేక.

“దోస్త్.”

మంచులో మోకాలి లోతున నిలబడి ఉంది ఆయన నిద్ర. ఇరవై ఎనిమిదేళ్ళ వయసు, ఒత్తు మీసం, భుజాల మీద మంచు. తిరపతయ్యను పైనుంచి కిందికి చూస్తుంది. “ముసిలోడివైపోయినావే,” అంటుంది. ఆ మాటలో కోపం లేదు.

గుడిసె లోపల కాశీం పొయ్యి దగ్గర కూర్చుని ఖాళీ హార్లిక్స్ సీసా గీరుతున్నాడు. వాడికీ వయసు పెరగలేదు. “ఏరా, పొద్దున అంటే ఇప్పుడా?” అంటాడు.

“ఆలీశమైంది రా,” అంటాడు తిరపతయ్య.

“ఆయమ్మ ఎవురు?”

“డాక్టరమ్మ. నా మనసు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికొచ్చింది.”

“ఉంటే ఏమిస్తారు?”

“తుపాకీ ఉంచుకోనిస్తారు.”

కాశీం మేకుకు వేలాడుతున్న రిజిస్టరు దించుతాడు. కలంలో సిరా గడ్డకట్టింది, పొయ్యి మీద కాచుతాడు. పేజీ తెరుస్తాడు. అంతలో ఆగిపోతాడు. “సంతకం చేస్తా గానీ, నా తుపాకీ మంచు కింద పడిపాయె. చేతిలో ఆయుధం లేకుండా డ్యూటీ ఎట్టా తీసుకునేది?”

ముగ్గురూ తిరపతయ్య భుజానున్న గుడ్డ కవరు వంక చూస్తారు. డాక్టరు మెల్లగా అంటుంది, “ఆలోచించుకోండి తిరపతయ్య గారూ. ఇదిచ్చేస్తే నేను పెట్టే సంతకం దేనికి?”

దేనికో ఆయనకూ తెలియదు. తుపాకీ పోతే స్టూలు పోతుంది. స్టూలు పోతే బజారులో తిరపతయ్య అంటే ఎవరికి గుర్తు? అయినా చేతులు వాటంతటవే కవరు ముడి విప్పుతాయి. ఆయన తుపాకీని రెండు చేతుల మీద పెట్టి, నిటారుగా నిలబడి, ఇరవై ఆరేళ్ళ కిందట చెప్పాల్సిన మాటలు చెబుతాడు. “ఒక డబుల్ బ్యారెల్. నాలుగు తూటాలు. ఒక కవరు. పోస్టులో అంతా సరిగ్గా ఉంది.”

కాశీం అన్నీ సరిచూసుకుంటాడు. రిజిస్టర్లో తన పేరు, టైము వేసి సంతకం చేస్తాడు. సాయంత్రం నాలుగు అని వేస్తాడు. బయట నిద్ర కాళ్ళు మంచులోంచి ఊడబెరుక్కుంటున్న చప్పుడు వినిపిస్తుంది.

“పోయే ముందు ఒకటి చెప్పిపోరా,” అంటాడు కాశీం. “ఆ పొద్దు మా ఇంటి వాకిలి దాకా వచ్చినాం గదా. తలుపు కాడ నిలబెట్టి రేపన్నావు. ఆ తర్వాతేంది?”

తిరపతయ్య కింద కూర్చుంటాడు. పట్టాళం నుంచి వచ్చాక ఆయన నిజంగానే ఆ ఇంటికి చాలాసార్లు వెళ్ళాడు, వాకిట్లోనే నిలబడి వెనక్కొచ్చేశాడు. లోపలికి ఒక్కసారే వెళ్ళాడు. “తలుపు దగ్గరికేసి ఉంది. గడియ పెట్టలా. లోపల ఎడం పక్క నులక మంచం. దాని మీద నీలం దుప్పటి పరిచి ఉంది, తలగడ కూడా. మీ అమ్మ నీకని పరిచింది.”

“ఎప్పుడు?”

“రోజూ. ఆమె బతికినన్నాళ్ళూ రోజూ పరిచింది రా.”

కాశీం సీసా మూత బిగిస్తాడు, విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు. “నీలందేనా?” అంటాడు చివరికి. తిరపతయ్య తలూపుతాడు, ఏడుస్తాడు, డాక్టరు ముందే ఏడుస్తాడు.

దిగేటప్పుడు పది నిమిషాలే పడుతుంది. డాక్టర్ నాగవేణి నిద్ర నాడి పట్టుకుని చూసి, భుజాల మీది మంచు దులిపి, ఫారం మీద సంతకం పెడుతుంది. మొదటి ప్రశ్న పక్కన ‘పడుతుంది’ అని రాస్తుంది. మూడో ప్రశ్న పక్కన ‘అవును, దోస్తులు’ అని రాస్తుంది. బెంచీ మీది పదకొండు మంది ఆ నిద్రను చూసి జవాబులు మరిచిపోతారు. ఒక్కొక్కరే జేబుల్లోంచి ఉత్తరాలు తీసి ఒళ్ళో పెట్టుకుంటారు.

బస్సులో నిద్ర కిటికీ పక్కన కూర్చుంటుంది. కండక్టరు నిండు టికెట్టు కొడతాడు. ఓబులమ్మ తలుపు తీసి, ఎవరేమిటని అడక్కుండా రెండు కంచాలు పెడుతుంది.

శనివారం లైసెన్సు వస్తుంది. తుపాకీ లేదని సోమవారం బ్యాంకువాళ్ళు మర్యాదగానే స్టూలు లోపల పెట్టుకుంటారు. “పోతే పోయిందిలేయ్యా,” అంటుంది ఓబులమ్మ. తిరపతయ్యకు బాధగానే ఉంటుంది. కానీ నిద్ర మంచం మీద జరిగి చోటిస్తుంది, ఆయన దాని పక్కన పడుకుంటే మూడు రోజులు మెలకువ రాదు.

నెల తిరిగేసరికి ఇన్‌లాండ్ లెటర్ వస్తుంది. ఈసారి తుపాకీ రాసింది. రెండు గొట్టాలు కదా, ప్రతి మాటా రెండుసార్లు రాసింది. ఓబులమ్మ ఆరేసి చదువుతుంది. ‘ఇక్కడ క్షేమం, క్షేమం. పోస్టు నేను చూసుకుంటున్నాను, చూసుకుంటున్నాను. కాశీం నిద్రపోయాడు, నిద్రపోయాడు. చప్పుడు చెయ్యొద్దని చెప్పు, చెప్పు.’

తిరపతయ్య చెప్పులు విడిచి బజారులోకి వెళ్ళి, ఎదురైన ప్రతివాడి చెవిలో ఆ మాట చెబుతాడు. టైలరు మిషన్ ఆపుతాడు. సోడా బండివాడు గోలీ కొట్టకుండా సీసా చేతికిస్తాడు. నంద్యాల బస్సు ఊరి మొదట్లోనే ఇంజను ఆపేస్తుంది. జనమంతా దిగి, చెప్పులు చేతపట్టుకుని, బస్సును వెనక నుంచి నెట్టుకుంటూ బజారు వెంట కాశీం ఇంటివైపు నడుస్తారు. ముందు గురవారెడ్డి, పదకొండు మంది మాజీ సైనికులు, పక్కనే కొండ దిగివచ్చిన వాళ్ళ వాళ్ళ నిద్రలు. కండక్టరు విజిల్‌ను గుప్పిట్లో మూసి పట్టుకున్నాడు. రోజుకో అంగడి దాకే నెడతారు. ఎవరికీ తొందర లేదు, నడి ఎండలో కాశీం ఇంటి వాకిట్లో అడుగు మందాన మంచు పడుతోంది, తలుపుకు గడియ పెట్టలేదు.