చప్పుడు తగ్గించే పుల్లలు

జయరాజ్ డ్రమ్ములు వాయిస్తే చర్చి పైకప్పు రేకులు లేచి కూర్చుంటాయని పత్తికొండలో అంటారు. అందులో పొగడ్త ఎంతో, తిట్టు ఎంతో విడదీయడం కష్టం. వారమంతా వెల్డింగ్ షాపులో ఇనుముతో కుస్తీ పట్టే చేతులు ఆదివారం ఒక్కరోజు మెత్తబడమంటే మెత్తబడతాయా? పాస్టరు ఏసేపు అయ్యగారు నెమ్మదిగా, నెమ్మదిగా అని ఎన్నోసార్లు సైగ చేశారు. డ్రమ్ముల ముందు కూర్చున్నాక జయరాజ్‌కు అయ్యగారు కనిపిస్తే కదా.

అంత మోతనూ దాటుకుని వినబడే గొంతు ఆ చర్చిలో ఒకటే ఉండేది. అది అతని భార్య ఏసుమణిది. ఆమె పాడుతుంటే టమోటా మార్కెట్‌కు పోయే ఆటోవాళ్ళు కూడా గేటు దగ్గర కాస్త నిదానించేవాళ్ళు. శుభ శుక్రవారం నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలనూ ఏడు ఇళ్ళవాళ్ళు పంచుకుని, ఒక్కో మాట చదివాక ఒక్కో పాట పాడటం అక్కడి ఆచారం. కొన్ని చర్చిల్లో ఆ రోజు డ్రమ్ము ముట్టరు. వీళ్ళు ముట్టకుండా ఉండలేరు. నాలుగో మాట, 'నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి' అన్నది, ఏసుమణి పుట్టింటిది. వాళ్ళమ్మ పాడేది, అమ్మ పోయాక ఈమె పాడుతోంది.

పోయిన వర్షాకాలంలో ఏసుమణి మెడలో గడ్డ లేచింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు. గొంతు పలికించే నరాన్ని గడ్డ చుట్టేసుకుందనీ, మనిషి దక్కాలంటే నరాన్ని వదులుకోక తప్పదనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. మనిషి దక్కింది. గొంతు మాత్రం గాలీ గరగరా కలిసిన చప్పుడుగా మిగిలింది. దానికి అలవాటు పడిపోయానని జయరాజ్ అందరితో చెప్పేవాడు. శుద్ధ అబద్ధం. షాపులో వెల్డింగ్ ముసుగు దించుకుని, ఎవరికీ కనపడకుండా ఏడ్చేవాడు.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలయ్యాక ఏసేపు అయ్యగారు ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అడిగారు.

"ఈ తూరి నాలుగో మాట మన పాటల గుంపులో శివజ్యోతికి ఇద్దామామ్మా? నీకు శానా కష్టమయితాదేమో."

"నేనే పాడతానయ్యా," అంది ఏసుమణి.

ఆయన వెళ్ళాక జయరాజ్ అడిగాడు. "నిజంగానే పాడతావా మణీ?"

"నువ్వుండావు గదా మామా పక్కన," అంది.

ఆ మాటకు అతను పొంగిపోయాడు. ఎంతలా పొంగాడంటే, పక్కనుండి తనేం చేయాలో అడగడం కూడా మరిచాడు. అడగడం ఎందుకు, తనకు తెలియదా? ఆమె గొంతు అందరికీ వినబడాలి. అడ్డం తన చేతులే.

ముందు, చర్చిలో ఎవరూ లేనప్పుడు, మామూలు పుల్లలతోనే మెత్తగా వాయించి చూశాడు. రెండు చరణాలు దాటేసరికి చేతులు పాత దారి పట్టాయి. తర్వాత చీపురు పుల్లలు గుత్తిగా తీసి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాడు. చప్పుడు మెత్తగానే వచ్చింది గానీ, పాట సగంలో ఉండగానే పుల్లలు విరిగి చర్చి నిండా పడ్డాయి. ఇంట్లో ఏసుమణి చీపురు వెతుక్కుంది. ఇక లాభం లేదని కర్నూలు బస్సెక్కాడు.

పాత బస్తీలో హజరత్ వలి అంగడి ఉంది. హార్మోనియాలు బాగుచేస్తాడు, డ్రమ్ములకు తోళ్ళు బిగిస్తాడు.

"చప్పుడు తక్కువయ్యే పుల్లలు కావాల సాబ్."

హజరత్ వలి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "నీకా? ఏటేటా తోలు చింపుకొని వచ్చేటోడివి, నీకు చప్పుడు తక్కువ కావాల్నా?"

నవ్వుకుంటూనే లోపలి నుంచి తెచ్చి పరిచాడు. వాటిని రాడ్స్ అంటారు. లావుపాటి పుల్ల ఒక్కటి కాకుండా, సన్నటి పుల్లల్ని కట్టగా చేర్చి పిడి దగ్గర టేపు చుట్టినవి. కట్ట మీద రబ్బరు చుట్టు ఒకటి ఉంటుంది. దాన్ని కొన వైపు జరిపితే పుల్లలు బిగిసి దెబ్బ గట్టిగా పడుతుంది, పిడి వైపు జరిపితే విడివడి మెత్తగా పడుతుంది. చెక్కవి ఉన్నాయి, వెదురువి ఉన్నాయి.

"సాబ్, నువ్వు ఆ మూలకు పోయి ఏమన్నా మాట్లాడు. గొంతు పోయినోళ్ళు మాట్లాడినట్ల."

హజరత్ వలి నవ్వు ఆపేశాడు. "ఎవురి కోసరమప్పా?"

"మా ఇంటామె కోసరం."

ఆయన లేచాడు. తబలాలు వేలాడే మూలకు పోయి నిలబడ్డాడు. జయరాజ్ అక్కడున్న డ్రమ్ము మీద చెక్క కట్టతో వాయిస్తే ఆయన పెదవులు కదలడమే కనబడింది. చుట్టు కిందికి జరిపినా అంతే. వెదురు కట్ట తీసుకుని, చుట్టును పిడి దాకా దించి వాయించాడు. అప్పుడు వినబడింది. ఆయన అంతసేపూ దువా చేస్తున్నాడు, ఆ తల్లికి బాగు కావాలని. జయరాజ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ వెదురు కట్టలు ఏసుమణికి చూపించలేదు. ఆమె వినేది మొదట చర్చిలోనే కావాలని బీరువా వెనక దాచాడు. శుక్రవారం నాడు పాత పుల్లల్ని ఇంట్లోనే వదిలేశాడు. తన చేతుల మీద తనకే నమ్మకం లేదు.

మిట్టమధ్యాహ్నం, చర్చి నిండా జనం. అయ్యగారు నాలుగో మాట చదివి పక్కకు జరిగారు. ఏసుమణి తెల్లచీర కొంగు మెడ చుట్టూ కప్పుకుని మైకు ముందుకు వచ్చింది. భర్త వైపు చూసి తలూపింది. అతను మొదలుపెట్టాడు. ఎండుటాకుల మీద వానపడ్డట్టు సన్నగా వచ్చింది చప్పుడు. ఏసుమణి ఉలిక్కిపడింది. కానీ నోరు అప్పటికే తెరిచింది.

అందరికీ వినబడింది. గరగర, మధ్యలో తెగిపోయే ఊపిరి, అందక జారిపోయే స్వరం, ఒక్కటీ దాగలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో చంటిపిల్ల నవ్వింది, తల్లి దాని నోరు మూసింది. ఏసుమణి పాడుతూనే అతని వైపు తిరిగింది. ఆ కళ్ళు వేడుకుంటున్నాయి. అప్పుడు తెలిసింది జయరాజ్‌కు, ఆమె దేనికోసం చూస్తోందో. అతని మోత కోసం.

చుట్టును కొనకు నెట్టాడు. బలం కొద్దీ కొట్టాడు. వెదురు పేళ్ళు లేచి ఒళ్ళో పడ్డాయి. చప్పుడు మాత్రం పెరగలేదు, పెరగకూడదనే కదా ఏరి కోరి తెచ్చుకున్నాడు. ఏసుమణి రెండో చరణం సగంలో ఆగిపోయింది. ముసలి భీమక్క లేచి పాట అందుకుంది, మిగతావాళ్ళు కలిశారు. ఏసుమణి మైకు ముందే తల వంచుకుని పాట అయ్యేదాకా నిలబడింది.

ఆరాధన ముగిశాక అందరూ వచ్చి బాగా పాడినావమ్మా అన్నారు. భీమక్క చెంపలు నిమిరి ఏడ్చింది. ఏసుమణి ఒక్కొక్కరికీ తలూపింది. ఇంటి దారిలో ఎండ మాడుస్తున్నా చెప్పులు తొడుక్కోవడం మరిచి చేతపట్టుకునే నడిచింది. జయరాజ్ పక్కనే నడిచాడు. చాలా దూరం పోయాక ఆమే మాట్లాడింది. వినడానికి అతను వంగవలసి వచ్చింది.

"నీ డ్రమ్ము కింద ఎవురికీ ఇనపడదులే అని ఒప్పుకొంటి మామా. మా యమ్మ పాట పాడినట్ల ఉంటాది, నా గొంతు దాగినట్ల ఉంటాది అనుకొంటి."

"అందురికీ ఇనపడాలని తెచ్చినా మణీ."

"తెలుసులే," అంది.

కోపంగా అని ఉంటే అతనికి కాస్త ఊపిరాడేది.

ఈస్టరు నాడు జయరాజ్ మామూలు పుల్లలే పట్టుకున్నాడు. చేతనైనంత గట్టిగా వాయించాడు. ఆ మోతలో ఎవరు పాడుతున్నారో, ఎవరి గొంతు ఎలా ఉందో దేవుడికి తప్ప తెలియదు. ఆడవాళ్ళ వరసలో ఏసుమణి పాటల పుస్తకం తెరుచుకుని నిలబడింది. ఆమె పెదవులు కదులుతాయేమోనని ఆరాధన అయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు. కదల్లేదు.