రెండో గేరు

ఎర్రమిట్ట చెరువు ఇరవై రెండేళ్ల తరువాత మొరవ పోయిన సంవత్సరం అది. ఆ పక్క ఊళ్లలో ఇప్పుడు ఏ బోరు ఎప్పుడు వేశారో చెప్పాలన్నా, ఎవరి బిడ్డ ఎప్పుడు పుట్టిందో చెప్పాలన్నా ఆ వరదకు ముందా వెనకా అనే లెక్క పెడతారు. కార్తీకంలో పట్టిన ముసురు తొమ్మిది రోజులు విడవలేదు. చెరువు నిండి, మిగులు నీళ్లు కట్ట చివరనున్న రాతి మొరవ మీదుగా దూకి కింది పొలాల్లోకి పరుగెత్తాయి.

గంగులయ్య లారీ నీళ్లు తాగింది ఆ వరదలోనే.

గంగులయ్యకు అరవై ఎనిమిదేళ్లు. లారీకి యజమానీ తనే, డ్రైవరూ తనే. మదనపల్లె మార్కెట్లో ఖాళీ టమోటా బాక్సులు ఎక్కించుకుని కుప్పం, గుడుపల్లె రైతులకు దించడం, అక్కడి కాయలు ఎక్కించుకుని తిరిగి మదనపల్లెకు తోలడం ఆయన పని. మాట తక్కువ మనిషి. ఎవరైనా పది మాటలడిగితే ఒకసారి తల ఊపుతాడు, అదే జవాబు. భార్య సుశీలమ్మ ఉన్నంతకాలం దారిలో చూసినదంతా ఆమె ఒక్కతెకే చెప్పేవాడు. నాలుగేళ్ల కిందట ఆమె పోయింది. పిల్లలు లేరు. కుప్పంలో అద్దెకున్న ఒక్క గదినీ అప్పగించేసి లారీలోకి మారిపోయాడు. వంటా పడకా అన్నీ కేబిన్‌లోనే. ఆ బండి ఆగిపోతే పనితోపాటు ఇల్లూ పోతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసు గానీ, ఎవరితోనూ అనలేదు. అనడానికి మనిషి లేడు.

ఆ రోజు పొద్దున బాక్సులేసుకుని పుంగనూరు దాటేసరికి రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయి ఉంది. పోలీసులు అడ్డంగా తాడు కట్టి బండ్లను వెనక్కి తిప్పుతున్నారు. చుట్టూ తిరిగి పోవాలంటే అరవై కిలోమీటర్లు. ఎర్రమిట్ట చెరువు కింద పొలాల మధ్య నుంచి ఒక బండ్ల బాట ఉంది. ఎండాకాలంలో గంగులయ్య ఎన్నోసార్లు తోలిన బాటే. అందులోకి తిప్పాడు. చెరువు మొరవ పోతూ ఉంటుందని ఆయనకు తట్టనే లేదు. ఆ చెరువు నిండగా చూసిన వాళ్లెవరూ ఈ మధ్యన లేరు.

బాట ఒకచోట వంకలోకి దిగుతుంది. నీళ్లు మోకాటి లోతే ఉంటాయనుకుని దించాడు. సగం పోయాక ముందు చక్రాలు గుంతలో పడ్డాయి. బురద నీళ్లు ఒక్కసారిగా ముందు అద్దం దాకా లేచాయి. ఇంజను రెండుసార్లు గుటకలేసి ఆగిపోయింది.

గంగులయ్య తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

లారీ కొన్న మొదటి రోజు పుంగనూరు మెకానిక్ హఫీజ్ చెప్పిన మాట అది. నీళ్లు తాగిన ఇంజనును ముట్టుకోవద్దు, చెవి తీసి జేబులో వేసుకో, నాకు కబురు చెయ్యి అని. గాలిని నలిపినట్టు ఇంజను నీళ్లను నలపలేదు. పిస్టన్ పైకి వచ్చి నీళ్లకు కొట్టుకుంటే దాన్ని కిందనుంచి మోసే ఇనప రాడ్డు వంగిపోతుంది. ముందు డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి లోపలి నీళ్లు కక్కించాలి, ఆ తరువాతే తిప్పాలి. ఇదివరకు రెండుసార్లు ఆయన బండి నీళ్లలో ఆగింది. రెండుసార్లూ ఈ మాట తప్పలేదు.

ఎర్రమిట్ట ఊరంతా ఆ పూట మొరవ దగ్గరే ఉంది. గంగమ్మకు పొట్టేలు కోశారు. పసుపు, కుంకుమ, గాజులు, కొత్త చీర నీళ్లలో వదిలి హారతి ఇస్తున్నారు. మొరవ పోయే పూట ఆ నీళ్లలో ఏ వస్తువైనా నిలిచిపోతే గంగమ్మ దాన్ని పట్టుకుందనీ, ఆమె విడిచేదాకా చెరువు మళ్లీ నిండదనీ ఆ ఊరివాళ్ల నమ్మకం. అలాంటిది ఏకంగా ఒక లారీ నిలిచిపోయింది. హారతి పళ్లెం కట్ట మీద పెట్టి ఊరు ఊరే వంకలోకి దిగింది.

ముప్పై మందికి తక్కువ లేరు. నడుముల దాకా నీళ్లు. ఒకడి చెప్పులు కొట్టుకుపోతే మిగతావాళ్లు నవ్వారు. ట్రాక్టరు తెచ్చి లారీకి లావుపాటి తాడు కట్టారు. వెనక నుంచి కొందరు భుజాలు పెట్టారు. ముసలాయన దిగబోతే, నువ్వు కూర్చో తాతా, స్టీరింగు పట్టుకో చాలు అని కేకేశారు. లారీ బురదలోంచి కదిలి, ఒరిగి, గట్టెక్కింది.

అంతటితో నిలిపి ఉంటే పోయేది. హారతి పళ్లెం మళ్లీ చేతికి తీసుకున్న మునీశ్వరి అనే ఆమె కేబిన్ దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. తడిసిన చీర కొంగుతోనే లారీ ముందు అద్దం తుడిచి కుంకుమ బొట్టు పెట్టింది.

"మామా, గేరెయ్. తాడు కట్టి ఈడ్సుకోని పోతే అమ్మ ఇడిసినట్టు గాదు. దానంతట అదే ఉరుముకుంటా పోవల్ల."

ట్రాక్టరు డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ముప్పై మొహాలు, అన్నింటి మీదా నీళ్లు కారుతున్నాయి, అన్నీ గంగులయ్య వైపే ఉన్నాయి. వద్దమ్మా, ఇంజన్లో నీళ్లుండాయి అని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఇంతమంది తనకోసం నీళ్లలోకి దిగి, ఇంతమంది తనవైపు చూసి ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు. వద్దంటే ఆ మొహాలన్నీ ఒక్కసారిగా చల్లబడతాయి. ఎవరో తలుపులోంచి చెయ్యి పెట్టి ఆయన భుజం తట్టారు.

గంగులయ్య జేబులోంచి చెవి తీసి పెట్టాడు. రెండో గేరు వేసి, ట్రాక్టరు లాగుతుంటే క్లచ్ వదిలాడు.

లోపల ఎవరో పిడికిలితో ఒక్క గుద్దు గుద్దినట్టు ఠక్ మంది. లారీ అంతా ఒకసారి బిగుసుకుంది. తరువాత సైలెన్సర్‌లోంచి నీళ్లు చిమ్మి, తెల్లటి పొగ లేచి, ఇంజను దగ్గుకుంటూ అందుకుంది. ఊరివాళ్లు ఈలలు వేశారు. ట్రాక్టరు తాడు విప్పి పక్కకు తప్పుకుంది. మునీశ్వరి సంగటి, పొట్టేలు కూర ఆకుల్లో కట్టించి సీటు మీద పెట్టింది. ఫోను నంబరు అడిగి రాసుకుంది. గంగులయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి బండి కదిలించాడు. రెండో సిలిండరు దగ్గర్నుంచి టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వస్తూనే ఉంది. అది తప్ప ఆయనకింకేమీ వినపడలేదు.

గుట్ట మలుపు తిరిగి, ఊరివాళ్లకు కనపడని చోటికి వచ్చాక ఇంజను ఆపేశాడు. సీటు మీది పొట్లం విప్పాడు. నలుగురికి సరిపోయే తిండి ఉంది. కొద్దిగా తిని మిగిలింది కట్టిపెట్టి, ఘనీకి ఫోను చేశాడు.

ఘని హఫీజ్ కొడుకు. తండ్రి పోయాక పుంగనూరు షెడ్డు అతనే చూసుకుంటున్నాడు. సాయంత్రానికి చుట్టూ తిరిగే దారిలో ఇంకో లారీ తెచ్చి గంగులయ్య బండిని షెడ్డుకు లాక్కుపోయాడు. బాక్సులు వేరే బండికెక్కి గుడుపల్లె పోయాయి. మరుసటి రోజు పొద్దున్నుంచీ ఘని బండి మీదే ఉన్నాడు. గాలి పోయే గొట్టంలో చేరిన బురద తీశాడు, వైర్లు విప్పి ఆరబెట్టాడు, ఇంజను స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు ఊడదీశాడు. కిందికి వదిలిన ఇంజన్ ఆయిల్ నీళ్లు కలిసి పాలెక్కువైన టీ రంగులో ఉంది. నాజిళ్లు విప్పి, బార్ పెట్టి ఇంజనును చేత్తో తిప్పితే మిగిలిన నీళ్లు తుంపర్లుగా బయటికొచ్చాయి. ఆ తరువాత ఇంజను సాఫీగానే తిరిగింది.

అప్పుడు ఘని చేతులు తుడుచుకుని అడిగాడు.

"అన్నా, నీళ్లు తాగినాక సెల్ఫ్ కొట్టినావా? గేరేసి లాగినారా? రాడ్డేమన్నా వంగింటే ఇప్పుడు తెలియదు. స్టార్ట్ చేసినాక వారానికో నెలకో ఇరిగి, ఇంజను బ్లాకు పగలగొట్టుకొని బయటికొస్తాది. అప్పుడింక తూకానికి అమ్మేదే. అందుకే అడుగుతాండా."

షెడ్డులో వేరే బండ్లవాళ్లు ఇద్దరున్నారు. గంగులయ్య జవాబిచ్చేలోపే ఘని వాళ్ల వైపు తిరిగి నవ్వాడు. ఈయన్ని అడిగేదే తప్పు, మా నాయన చెప్పిన మాట ముప్పై ఏళ్లుగా తప్పని మనిషి ఈయనొక్కడే, నీళ్లు కనపడితే చాలు చెవి జేబులోకి పోతుంది అన్నాడు. ఈయనతో మాట్లాడేకంటే సైలెన్సర్‌తో మాట్లాడేది నయం, అది పొగన్నా ఇడుస్తాది అని కూడా అన్నాడు. వాళ్లు నవ్వారు.

గేరు వేశానంటే ఎందుకు వేశావంటాడు. ఎర్రమిట్ట వాళ్లు వెయ్యమన్నారంటే వాళ్లనంటాడు. తెలివిలేని జనం, బండి పాడు చేశారు అంటాడు. నీళ్లు కారుతున్న ఆ మొహాలు గంగులయ్యకు కళ్లముందు మెదిలాయి.

"లేదు" అన్నాడు.

ఘనికి ఆ ఒక్క మాట చాలింది. అడుగున పెద్ద తట్టలాగా ఉండే ఆయిల్ చాంబరు విప్పి రాడ్లు చూసే పని మానేశాడు. కొత్త ఆయిల్ పోశాడు, నాజిళ్లు బిగించాడు. సెల్ఫ్ మోటారు రాత్రంతా ఆరాలి, పొద్దున బిగించి స్టార్ట్ చేద్దామని చెప్పి చేతులు కడుక్కున్నాడు.

దీపాలు పెట్టే వేళకు గంగులయ్య ఫోను మోగింది. మునీశ్వరి. లారీ బాగా పోతా ఉందా మామా అని అడిగింది. ఊరంతా ఆ మాటే చెప్పుకుంటున్నారట. అమ్మ విడిచిన లారీ అని పేరు కూడా పెట్టారట. మా టమోటాలు పది రోజుల్లో కోతకొస్తాయి, నీ లారీకే వేస్తాం అంది. గంగులయ్య ఫోను చెవికి ఆనించుకుని అంతా విన్నాడు. వెనక పిల్లల గోల వినపడుతోంది. ఎవరో అన్నానికి రమ్మని ఆమెను పిలుస్తున్నారు.

"బాగుండాదమ్మా" అన్నాడు.

ఆమె పెట్టేసిన తరువాత కూడా చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. సుశీలమ్మ ఉండి ఉంటే ఇది ఆమెకు చెప్పేవాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఉండగానే ఏం చెయ్యాలో ఆయనకే తెలిసిపోయేది. ఆమె పెద్దగా జవాబు చెప్పేది కాదు, ఊఁ కొట్టేది. ఇప్పుడు ఊఁ కొట్టడానికి కూడా ఎవరూ లేరు. రేపు ఘని సెల్ఫ్ కొడతాడు, బండి అందుకుంటుంది. ఆ తరువాత ఎక్కడో, ఎప్పుడో ఆ రాడ్డు విరుగుతుంది. కుప్పం దారిలోనే విరగొచ్చు, మదనపల్లె గేటు ముందే విరగొచ్చు. ఒక్క లేదు అన్న మాటకు ఇల్లూ బండీ రెండూ పోతాయి.

మరుసటి రోజు పొద్దున ఘని నమాజు చేసుకుని, ఇంట్లో భార్య ఆబిదా కాచిచ్చిన టీ క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వచ్చేసరికి లారీ కిందనుంచి రెండు కాళ్లు కనపడుతున్నాయి. నిన్న పోసిన కొత్త ఆయిలంతా టబ్బులో ఉంది. ఆయిల్ చాంబరు విప్పి పక్కన బోర్లించి ఉంది. దాని బోల్టులు అట్టముక్క మీద వరసగా, ఊడదీసినవి ఊడదీసినట్టు పెట్టి ఉన్నాయి.

ఘని టీ కింద పెట్టాడు. టార్చి తీసుకుని తనూ లారీ కిందికి పాకాడు. ఇద్దరూ పక్కపక్కన వెల్లకిలా పడుకుని పైకి చూశారు. రెండో సిలిండరు రాడ్డు మిగతా వాటిలా నిటారుగా లేదు. నడుము దగ్గర కొంచెం పక్కకు ఒరిగి ఉంది.

ఘని టార్చి వెలుగు ఆ రాడ్డు మీదే నిలిపాడు.

"గేరేసినావు."

"ఏసినా."

"నీకు తెలియక గాదు గదన్నా. యాల ఏసినావు?"

గంగులయ్య ఆ రాడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "శానామంది నాకోసరం నీళ్లలోకి దిగినారు ఘనీ. ఏమేమో మొక్కుకోనుండారు. వద్దని చెప్పలేకపోయినా. నిన్న నీకూ చెప్పలేకపోయినా. వాళ్లను తిట్టొద్దు."

ఘని ఎవరినీ తిట్టలేదు. బ్లాకు చుట్టూ వేలితో తడిమి, టార్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా చీలిక లేదు. ఈ పొద్దు సెల్ఫ్ కొట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను, ఇప్పుడు రాడ్డు ఒక్కటి మారిస్తే చాలు, బండి బతికింది అన్నాడు. పాత మోడలు సామాను, బెంగళూరులో వెతికించి తెప్పించాలి, ఇరవై రోజులు పడుతుంది అని కూడా చెప్పాడు. తరువాత అసలు మాట చెప్పాడు. ఇంజను పైభాగం విప్పాలంటే కేబిన్ ముందుకు వాల్చాలి, లోపలున్నవన్నీ దించాలి.

గంగులయ్య లేచి కేబిన్ ఎక్కాడు. చాప, దుప్పటి, స్టవ్వు, రెండు గిన్నెలు, గుడ్డల సంచి, ఒక్కొక్కటీ దించి షెడ్డు గోడ వారన పెట్టుకున్నాడు. రెండు నడకల్లో అయిపోయింది. ఘని కేబిన్ లాకు తీశాడు. ఇద్దరూ కలిసి నెట్టారు. కేబిన్ ముందుకు వాలింది. నాలుగేళ్లుగా తను పడుకున్న చోట ఆకాశం కనపడింది. ఘని క్యారియర్ మూతలో టీ పోసిచ్చాడు. గంగులయ్య అది తాగి, చాప పక్కనే నేల మీద కూర్చుని, ఆ బోల్టులు డీజిల్‌లో ఒక్కొక్కటీ కడగడం మొదలుపెట్టాడు.