వెనక తెరుచుకునే చొక్కా

వీధిలో అందరూ ఆవిణ్ణి కత్తెరమ్మ అంటారు. గుడ్డ కత్తిరించేది మొగుడు. ఆవిడ కత్తిరించేది మనుషుల్ని, మాటలతో.

టైలరూ, కత్తెరమ్మా మంచం పట్టినవాళ్ళకి వెనక తెరుచుకునే చొక్కాలు కుడతారు. చెయ్యి ఎత్తలేని మనిషికి మామూలు చొక్కా తొడగడమంటే నరకం చూపించడమే. వీటికి బొత్తాలుండవు, వీపు మీద నాడాలే. కుట్టి పంపేసి చేతులు దులుపుకోరు. ఇద్దరూ వెళ్ళి, ఒళ్ళు తుడిచి, తొడిగి, నాడాలు కట్టి వస్తారు. ఏమిచ్చినా తీసుకోరు. ఎవరింటికి వెళ్ళారో పక్కింటికి కూడా చెప్పరు.

కొట్టు గది మాత్రం టైలరు అన్నగారిది. ఆ బావగారికి ఒక సంఘం ఉంది, దానికి అధ్యక్షుడూ ఆయనే.

"ఆదివారం నాకు సన్మానం. మీ చొక్కాలు నా చేత్తో తొడుగుతాను. ఫొటోలు తీస్తారు," అన్నాడు, కొత్త గుడ్డ బల్ల మీద పెడుతూ. "ఆ రోజుకి నాకూ ఒకటి కుట్టరా."

"ఒంటిమీద గుడ్డ లేని మనిషికి ఫొటోలేమిటి బావగారూ? మా ముందే సిగ్గుతో కళ్ళు మూసుకుంటారు వాళ్ళు."

"ఊరికే ఇచ్చిన గదమ్మా ఇది. కాదంటే ఖాళీ చెయ్యండి."

కత్తెరమ్మ గుడ్డ కత్తిరించే బల్లకేసి చూసింది. ఆ పెద్ద బల్ల ఇంట్లో పట్టదు. బల్ల లేకపోతే పనీ లేదు, తిండీ లేదు. మొగుడేమో అన్నగారి మాటకు ఏనాడూ ఎదురు చెప్పనివాడు. తల వంచుకుని గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది.

బావగారు వెళ్ళగానే టైలరు టేపు మెళ్ళో వేసుకుని ఇంటిదారి పట్టాడు.

"ఎక్కడికండీ?"

"పడకగది కొలవాలి."

ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి మీద అంత ప్రేమ ఆవిడకు ఎప్పుడూ పొంగలేదు.

శనివారం బావగారు చొక్కా కోసం వచ్చేసరికి కొట్లో మిషనూ లేదు, బల్లా లేదు. టైలరు తాళంచెవీ, కుట్టిన చొక్కా అన్న చేతిలో పెట్టాడు.

"ఇంట్లో మంచం తీసేశాం అన్నయ్యా. బల్ల పట్టింది."

బావగారు ఏం చెయ్యాలో తోచక చొక్కా మడత విప్పాడు. ముందంతా కుట్టేసి ఉంది. వెనక మెడ నుంచి కిందిదాకా తెరిచి, నాడాలు.

"వెక్కిరిస్తున్నావురా?"

టైలరు నాలుక కరుచుకున్నాడు. "లేదన్నయ్యా. కోపంలో చూసుకోలేదు, అలవాటుకొద్దీ చెయ్యి అలా పోయింది. ఇటివ్వు, విప్పి కుడతాను."

కత్తెరమ్మ కుట్టనివ్వలేదు. చొక్కా అందుకుని, నీటుగా మడతపెట్టి, మళ్ళీ బావగారి చేతికే ఇచ్చింది.

"దాచుకోండి బావగారూ. ఎప్పుడైనా అవసరం పడితే తొడగడానికి మేమిద్దరం వస్తాం. ఫొటోలు మాత్రం తియ్యనివ్వం."