హద్దు లేని డ్రైవరు

"ఊళ్లో బస్సులన్నీ టైముకి నడిపిస్తావు, ఇంట్లో ఒక్క టిఫిన్ డబ్బా టైముకి రాదేం?" అన్నాడు మా ఆయన, బూట్ల లేసు కట్టుకుంటూ. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆయన నవ్వుతూ అనే మాటలకే నాకు ఒళ్లు మండుతుంది. తిరిగి ఏమన్నా అంటే సరదా తెలియని మనిషినైపోతాను కదా. డబ్బా మూత బిగించి చేతికిచ్చాను. ఆ మూత బిగిస్తూనే పాప జడ, అత్తయ్య మోకాళ్ల మందు, నీళ్ల మోటారు, సాయంత్రానికి తరగాల్సిన కూరలు, అన్నిటినీ మనసులో వరసలో నిలబెట్టుకుంటున్నాను. వరసలో నిలబెట్టడమే నా ఉద్యోగం కూడా.

చదివింది ఆపరేషన్స్ రీసెర్చ్. పెళ్లయిన కొత్తలో అత్తయ్య పక్కింటివాళ్లతో మా కోడలు ఆపరేషన్లు చేస్తుందని గొప్పగా చెప్పుకుంది. నిజం తెలిశాక కొన్నాళ్లు ముభావంగా ఉంది. నేను చేసేది బస్సు కంపెనీలో డ్రైవర్లకు డ్యూటీ చార్టు వేయడం. ఎన్ని ట్రిప్పులున్నాయి, ఎంతమంది డ్రైవర్లున్నారు, ఒక్కొక్కరు రోజుకు ఎన్ని గంటలకు మించి నడపకూడదు, ఇవన్నీ సమీకరణాలుగా రాసి కంప్యూటర్‌కిస్తే, ఏ షరతూ తప్పకుండా, ఖర్చు పెరగకుండా ఎవరికేది పంచాలో అది తేలుస్తుంది. తేలకపోతే సాధ్యం కాదని ఎర్ర అక్షరాలు చూపిస్తుంది.

మా సెక్షన్ పెద్దాయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. తన కుర్చీ నన్ను తీసుకోమన్నారు. తీసుకుంటే సాయంత్రాలు ఆలస్యమవుతుంది. ఇంట్లో చెప్తే మా ఆయన "నీ ఇష్టం" అని పేపరు మడత విప్పాడు. నేనెందుకు వద్దంటానమ్మా, రాత్రి వంట సంగతి ఒక్కటీ చూసుకో అంది అత్తయ్య. వారం నుంచీ లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఇంకాస్త ముందు లేస్తే? కూరలు ముందురోజే తరిగి పెట్టుకుంటే? బట్టలన్నీ ఆదివారానికి నెట్టేస్తే? ఎలా వేసినా కుదరడం లేదు. ఇంత చదువూ చదివి సొంత ఇల్లు సర్దుకోవడం రాని దద్దమ్మని అనిపించింది. ఇవాళ జవాబు చెప్పాలి. కుదరదని చెప్పేద్దామనే ఇంట్లోంచి బయల్దేరాను.

కొత్త రూట్లు వచ్చినప్పటి నుంచీ మొండికేసిన చార్టు నిన్న ఉన్నట్టుండి తేలింది. ఆ సంబరంలో ఒకసారి తిరగేసి చూడకుండానే డిపోకి పంపేశాను. నేను సీట్లో కూర్చోగానే డిపోలో డ్యూటీలు చూసే ఆవిడ ఫోన్ చేసింది.

"మేడమ్, ఈ కొత్త డ్రైవరు మనిషేనా అండీ? తెల్లవారకముందే బండి ఎక్కించారు, మర్నాడు తెల్లారినా దింపలేదు. ఇంటికెప్పుడు వెళ్తాడు?"

తీసి చూశాను. అందరికీ గంటల హద్దు రాసి, కొత్తగా చేరిన అతనికి రాయడం మరిచిపోయాను. హద్దు లేని మనిషి ఒకడు దొరికాక కంప్యూటర్ ఊరుకుంటుందా? ఎవరికీ పట్టని ట్రిప్పులన్నీ తీసుకెళ్లి అతని నెత్తిన పెట్టింది. మిగతావాళ్ల చార్టు మాత్రం ముచ్చటగా ఉంది, టీ తాగే తీరికతో సహా.

సెక్షనంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. మా ఇల్లు కూడా ఇలాగే ముచ్చటగా నడుస్తోంది. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు చాపుకున్నాక మా ఆయన్ని కదిలించకూడదు, అది ఆయన హద్దు. పాపకు హోంవర్కు హద్దు. అత్తయ్యకు మోకాళ్లు హద్దు. నా పేరుకి ఎదురుగా మాత్రం ఎవరూ ఏ హద్దూ రాయలేదు. నేనూ రాసుకోలేదు.

అతనికి హద్దు పెట్టి లెక్క మళ్లీ కంప్యూటర్‌కిచ్చాను. సాధ్యం కాదంది. చార్టు కోసం కాచుకున్న మేనేజరు లోపలికి పిలిచి, ఇంకోలా సర్దలేరా, కాస్త ప్లానింగ్‌తో చేస్తే కుదరదా అన్నాడు. అచ్చం ఇంట్లో మా ఆయన అనే మాటే. కానీ ఇది నాకు వచ్చిన పని, అందుకే నోరు తడబడలేదు.

"ప్లానింగ్ లోపం కాదు సార్. ఉన్న మనుషులతో ఇది అయ్యే పని కాదు. సాధ్యం కాదన్నదే సరైన జవాబు. ట్రిప్పులైనా తగ్గించండి, మనుషులనైనా ఇవ్వండి."

సరే, ఎంతమంది కావాలో చెప్పండి అన్నాడాయన. అంతే. అరవలేదు, అలగలేదు, నీ ఇష్టం అనలేదు.

బయటికొచ్చి నీళ్లు తాగుతుంటే కళ్లు చెమర్చాయి. బాధతో కాదు. ఇన్నాళ్లూ చేతకానిదాన్నని నన్ను నేనే తిట్టుకున్నాను. వారం నుంచీ నేను వేస్తున్న లెక్కలో తప్పేం లేదు. ఒక్క మనిషితో అది అయ్యే పని కాదు, అంతే. హమ్మయ్య అని పైకే అనేశాను. పక్కన సీసాలో నీళ్లు పట్టుకుంటున్నావిడ ఏమైందని అడిగింది. లెక్క తేలిందన్నాను. అటునుంచి అటే పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్లాను.

సాయంత్రం ఇంటికొచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, మా ఆయన టీవీ సౌండు తగ్గించాడు.

"కుదరదని చెప్పేశావా?"

"అక్కడ వస్తానని చెప్పాను. కుదరదని ఇక్కడ చెప్తున్నాను. రేపట్నుంచి రాత్రి వంట నా పని కాదు."

నా గొంతు అంత మామూలుగా రావడం నాకే వింతగా ఉంది. ఆయన రిమోట్ పక్కన పెట్టాడు. మరి ఎవరు చేస్తారని నన్ను కాకుండా వాళ్లమ్మని అడిగాడు. సోఫా చివర కూర్చుని మోకాళ్లకు మందు రాసుకుంటోంది అత్తయ్య. ఇక మొదలవుతుందిలే అనుకున్నాను. ఆవిడ తాపీగా సీసా మూత బిగించి, సోఫా చేతిని పట్టుకుని పైకి లేచింది.

"నాకు మాత్రం ఏనాడు కుదిరిందిరా? చేశానంతే. లే, గిన్నెలెక్కడుంటాయో చూపిస్తాను."