ఊళ్లో ఉండని ఓటు

"వెళ్లనీవే పాపం, పిల్ల ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్లిందా?" అన్నాడు మా ఆయన.

అమ్మాయి చొక్కా ఇస్త్రీ చేస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. కాలిన వాసన వచ్చేదాకా చూసుకోలేదు. వీధి చివరి షాపుకు వెళ్తానన్నా "ఎవరితో? ఎంతసేపు?" అని ఆరా తీసే మనిషి, స్నేహితురాళ్లతో రెండు రోజులు సముద్రం చూడ్డానికి కూతుర్ని పంపిస్తానంటున్నాడు. అసలు అది అడగనే లేదట. "అందరూ కలిసి వెళ్లిరారాదూ, మా ఆఫీసు వ్యాన్ ఇప్పిస్తా" అని ఆయనే అన్నాడట. ప్రయాణం ఆదివారం పొద్దున్నే. పోలింగు కూడా ఆదివారమే.

నేను మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. ఊరికే వచ్చిన మందు చేతికి తగిలితే ముందు ఎక్స్‌పైరీ తేదీ చూస్తాను. "ఇంట్లో ఊసుపోక వెళ్తుందిలెండి" అని మా ఆయన చుట్టాల దగ్గర నా ఉద్యోగం గురించి చెబుతుంటాడు గానీ, ఊసుపోని ఆ పనిలోనే నాకు ఈ అనుమానం అబ్బింది. ఆయన మంచితనాన్ని తిప్పి తిప్పి చూశాను. తేదీ ఎక్కడా కనబడలేదు.

మా ఇంట్లో ఓటు సంగతి పెళ్లయిన ఏడాదే తేలిపోయింది. "వాడు చెప్పినదానికి వేసేసి తొందరగా రా అమ్మాయ్, పొయ్యి మీద పాలున్నాయి" అంది మా అత్తయ్య. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు హాయిగానే అనిపించింది. పూటపూటకీ ఏం వండాలో, అత్తయ్య మాత్రలు ఎప్పటికి అయిపోతాయో, ఆయన రెండో సాక్సు ఏ మంచం కింద దూరిందో అన్నీ నేనే ఆలోచించాలి. ఒక్క ఓటు దగ్గరే నా బుర్రకు సెలవు. ఇంతమంది ఉన్న ఇంట్లో నా పనిలో ఒక్కటైనా ఇంకొకరు చేసిపెడుతున్నారని సంబరపడ్డాను కూడా. అలా చేసిపెట్టేవాళ్లు ఊరికే చేసిపెట్టరని అప్పుడు తట్టలేదు.

ఈసారి కౌన్సిలరుగా నిలబడింది మా ఆయన యజమాని. ఊళ్లో సగం వ్యాన్లు ఆయనవే. నెల కిందట భోజనాల దగ్గర మా అమ్మాయి పేలింది: "ఆయన వ్యాన్లు నిండాలనే కదా మా కాలేజీ బస్సు ఆపించింది?" మా ఆయన దాన్ని వదిలేసి, నావైపు చూసి, "బాగా పెంచావ్" అన్నాడు. ఆ మర్నాటి నుంచే కూతురి మీద ప్రేమ పొంగుకొచ్చింది. అందుకే నాకు నమ్మకం కుదరలేదు.

శుక్రవారం సాయంత్రం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, కింద మెట్ల దగ్గర ఆయన ఫోను మాట్లాడుతున్నాడు.

"మా ఇంట్లో మూడూ ఖాయం సార్. ఆ నాలుగోది ఊళ్లో ఉండదు. దాని ఫ్రెండ్సూ అంతే, అందర్నీ వ్యాన్ ఎక్కిస్తున్నాగా."

ముందు అమ్మాయి కోసం ఒళ్లు మండింది. తర్వాత దుప్పటికి క్లిప్పు పెడుతుంటే ఆ మూడు ఎవరివో లెక్కకు వచ్చింది. ఆయనది, అత్తయ్యది, నాది. నిన్నగాక మొన్న ఓటొచ్చిన పిల్లంటే ఆయనకు భయం ఉంది. నేనంటే లేదు. నన్ను సముద్రం చూపించి తప్పించాలని ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎవరికీ అనిపించలేదు. ఏడుపొచ్చింది. దుప్పటి చాటున కాసేపు ఏడ్చాను.

కిందికి వచ్చేసరికి అమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది.

"ఓటెయ్యవా?"

"ఎవడొస్తే ఏంటమ్మా? అందరూ ఆ తానులో ముక్కలే. మా క్లాసులో ఎవరూ వెయ్యట్లేదు. నా ఒక్క ఓటుతో ఏం ఊడిపడుతుంది?"

"ఏమో, నాకూ తెలీదు. మీ నాన్నకు తెలిసినట్టుంది."

విన్నది విన్నట్టు చెప్పాను. నమ్మలేదు. "నాన్న అలా చెయ్యడు, నీకన్నీ అనుమానాలే" అంది.

"సరే, నాది అనుమానమే. గడ్డిపోచంత విలువ లేని ఓటును సముద్రం దాకా మోసుకెళ్లడానికి వ్యాన్ ఎందుకే?"

అది మంచం మీద కూలబడింది. "నిజంగానే నా మీద ప్రేమతో పంపిస్తున్నాడనుకున్నానమ్మా" అంది. కళ్లు తుడుచుకుని ఫోను తీసి స్నేహితురాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. మధ్యలో తలెత్తి, "మరి ఎవరికి వెయ్యమంటావ్?" అని అడిగింది.

ఆ యజమానికి మాత్రం వద్దని నోటిదాకా వచ్చినా మింగేశాను. చెబితే నాకూ మా ఆయనకూ తేడా ఏముంది?

"నీ ఇష్టం" అన్నాను. ఆ ఇంట్లో నాతో ఎవరూ అనని మాట.

ఆదివారం పొద్దున్న వ్యాన్ బ్యాగులతో, ఆవలింతలతో నిండింది. నేనూ ఎక్కాను. పోలింగు జరిగే స్కూలు ముందు ఆపించారు. "ఈ క్యూ ఏంట్రా బాబూ!" అని ఒకమ్మాయి సణుక్కుంటూనే దిగింది. గేటుకు కాస్త దూరంలో పందిరి కింద స్లిప్పులు పంచుతున్న మా ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ఇంకా బయల్దేరలేదా?"

"దారిలోనే కదా నాన్నా, వేసేసి వెళ్తాం."

ఆయన నవ్వబోయాడు. కుదరలేదు.

లోపల అట్టపెట్టె చాటున నిలబడితే నాకు ఏమీ తోచలేదు. ఏనాడూ ఆలోచించని చోట ఆలోచించాలంటే టైము పడుతుంది. "అయిందా అమ్మా?" అన్నాడు టేబుల్ దగ్గర ఆఫీసరు. "ఇంకా లేదండీ, ఆలోచిస్తున్నాను" అన్నాను. బయటి క్యూలో ఎవరో విసుక్కున్నారు. అయినా తొందరపడలేదు.

పిల్లలు సముద్రానికి వెళ్లిపోయారు. సాయంత్రం మా ఆయన వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. గ్యాస్ కట్టేశావా అన్నట్టు, ప్రతి ఎన్నికకూ "వేసేశావా?" అని అడిగి, జవాబు వినకుండానే తినడం మొదలుపెట్టే మనిషి. ఇవాళ కంచంలో చెయ్యి పెట్టలేదు. నా ముఖంలోకి చూశాడు, ఎన్నాళ్లకో.

"నువ్వు... ఎవరికి వేశావ్?"

ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన మొదటిసారి నన్ను అనుమానించాడు. అంత మర్యాద నాకు ఆ ఇంట్లో ఏనాడూ దక్కలేదు.