నాలుగు వేళ్లు తగ్గిన ఆసనం

కంబళ్లు కొనేవాళ్లు లేక తిప్పయ్య మగ్గం రెండేళ్లుగా ఊరికే ఉంది. గొర్రెల కాపరులు కూడా వానకు ప్లాస్టిక్ పట్టలే కప్పుకుంటున్నారు. బెంగుళూరులో కాపలా పని చేసే ఎర్రిస్వామి, వచ్చే నెల మొదటి శుక్రవారం బస్సుకు వస్తే పని ఇప్పిస్తానని కబురు పెట్టాడు. తండ్రి వెళ్లడం కూతురు చౌడేశ్వరికి ఇష్టం లేదు. ఆ మాట పైకి అనే పిల్ల కాదు.

కొత్తచెరువు ఊళ్లో ఖలీల్ నడిపే ఇంటర్నెట్ సెంటరులో ఆమె టైపు నేర్చుకుంటోంది. అక్కడ ఖలీల్ ఒక పేజీ చూపించాడు. ఇంగ్లీషులో ఏ మాట కొట్టినా, నెలలో ఎంతమంది దాని కోసం వెతికారో చెబుతుంది. పైసా ఖర్చు లేదు. గొర్రెల కంబళికి పదిమంది కూడా లేరు. ఆమె విసుక్కోకుండా మాటలు మార్చి మార్చి కొట్టింది. నాలుగో రోజు, ధ్యానానికి ఉన్ని ఆసనం అన్నచోట అంకె తొమ్మిది వందలు దాటింది.

"ధ్యానానికి చిన్న కంబళి కావాలంట నాయనా. రెండడుగులు చాలు."

"రెండడుగులా? కుక్కపిల్ల గూడా ముడుచుకోని పండుకోవాల దానిమీద," అన్నాడు తిప్పయ్య.

ఇంట్లో ఉన్న పాత కంబళిని చౌడేశ్వరి తీసుకెళ్తే ఖలీల్ ఫొటో తీసి, ఆసనాలు నేసిస్తామని రాసి, డబ్బు కట్టనక్కర్లేని ఒక అమ్మకాల పేజీలో పెట్టాడు. పది రోజులకు మైసూరు నుంచి ఒకామె రాసింది. మోకాళ్ల నొప్పి, మెత్తగా ఉండాలి. తన పీటకు సరిగ్గా రెండడుగులు ఉండాలి.

తిప్పయ్య మగ్గం గుంటలోకి దిగాడు. మంగళవారం పొద్దున ఆసనం తెచ్చి గోడకు ఆనించాడు. అది పలకలాగా నిలబడింది. ఎప్పటిలాగే పడుగు పోగులకు చింతగింజల గంజి చిక్కగా పట్టించి నేశాడు.

"చుక్క నీళ్లు దిగవు సూడు," అన్నాడు గర్వంగా.

"ఆయమ్మ ఇంట్లో కూసుంటాది నాయనా. ఇంట్లో వాన యాడ పడ్తాది?"

తల్లి బయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తిప్పయ్య మొహం చిన్నబోయింది. చౌడేశ్వరి ముందుకొచ్చి ఆసనాన్ని చేతుల్లోకి తీసుకుంది.

"నేత బాగుండాది. గంజి పోతే చాలు."

నీళ్ల ట్యాంకరు వచ్చేది నాలుగు రోజులకొకసారి. బయమ్మ వంటకు దాచిన రెండు బిందెలూ తెచ్చి వంచింది. తిప్పయ్యే కూర్చుని పిసికి పిసికి ఉతికాడు. మరునాటికి అది ఆరి, గొర్రెపిల్ల చెవిలాగా మెత్తబడింది. చౌడేశ్వరి టేపు పెట్టి చూసింది. నాలుగు వేళ్లు తగ్గింది.

తండ్రి టేపు లాక్కుని తనూ కొలిచాడు.

"కంబళి ఎవురుతుకుతారు? ముడుచుకుంటాదని నాకు తోచనేలేదు," అన్నాడు నెమ్మదిగా. కాసేపు దాన్ని అరచేత్తో నిమిరాడు. "మల్లా నేస్తా. నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టి."

"ఉన్ని వడకాల గదా," అంది బయమ్మ.

"వడుకు. ఎవురొద్దన్న్యారు?"

"వడికేతలికే శుక్రవారం అయితాది. మరి బస్సు?"

తిప్పయ్య మగ్గం దగ్గరికి వెళ్లాడు. గుంటలోకి కాళ్లు వదిలి కూర్చుని, మగ్గం మీద పాత పోగులు తెంపసాగాడు.

"పాపా, ఎర్రిస్వామికి ఫోన్ జెయ్. నేను రాలేనని చెప్పు."

"ఎందుకని అడిగితే ఏం చెప్పాల నాయనా?"

"మైసూరులో ఒకామెకు మోకాళ్ల నొప్పంట అని చెప్పు."